సూర్యుడి మీదికి నెట్టిన తప్పు

సిరిసిల్లలో బట్ట నేసే కరెంటు సాంచెలు నడిపి సగం చెవుడు తెచ్చుకున్న మా బామ్మర్ది, డ్రోను నేర్చుకుని చేలకు మందు కొట్టే పనిలోకి దిగాడు. ఆ డ్రోను రెక్కలు విప్పితే జగిత్యాలలో మా వాడంతా నీడ పడుతుంది. మోత మెట్‌పల్లి దాకా పోతుంది. మొదటి బేరం నాదే: కోరుట్ల పక్కన మా మక్క చేనుకు గడ్డిమందు.

సందె వేళ కొట్టాడు. వారం తిరిగేసరికి గట్టు అవతల, మేం పెద్దమ్మా అని పిలిచే ముసలావిడ పసుపు ముడుచుకుని మాడిపోయింది. ఆ గట్టు మీద మా రెండిళ్లకూ ఎప్పటినుంచో పోరు. కావాలనే కొట్టించానని ఊరు అనుకుంది. ఆ మాట నిలబడితే మావాణ్ని ఇంకెవరూ పిలవరు. మళ్లీ సాంచెలే గతి.

మందు కొట్టిన రోజే సౌర తుఫాను వచ్చిందని పేపర్లో చదివాను. లడఖ్‌లో ఎర్రబడ్డ ఆకాశం ఫొటో పట్టుకుని పెద్దమనుషుల ముందు కూర్చున్నాను.

"సూర్యుడు కరెంటు నిండిన కణాలు ఇసురుతడు. భూమి సుట్టు ఉన్న అయస్కాంతం గొడుగు లెక్క మనల్ని కాస్తది. పెద్ద తుఫానొస్తే గొడుగే ఊగుతది. ధ్రువాల దిక్కు జారిన కణాలు గాలికి తగిలి ఆకాశం పచ్చగ, ఎర్రగ మెరుస్తది. మన నెత్తిమీద పైగాలి చెదిరి ఉపగ్రహం సిగ్నల్ తప్పుతది. డ్రోనుకు తానెక్కడున్నదో తెల్వది."

అక్కడిదాకా నిజమే. ఊపు ఆగక, ఆ రోజు సముద్రంలో ఓడలు దారి తప్పాయనీ, గద్దలు వెనక్కి ఎగిరాయనీ కలిపాను.

పెద్దమ్మ ఫొటోను చాలాసేపు చూసింది. "సూర్యుడే పగవట్టినంక గీ పోరన్ని ఏమంట సారూ. ఇడిసిపెట్టున్రి," అంది.

గెలిచి బండెక్కాం. ఊరు దాటాక వెనక నుంచి మావాడు అన్నాడు:

"బావ, సిగ్నల్ మంచిగ లేదని రిమోట్ మీద ఎర్రగ అచ్చింది."

"మరెందుకు దించలే?"

"ట్యాంకుల ఇంకింత మందున్నది. ఒక్క సుట్టే గద అనుకున్న."

బండి ఆపాను. నవ్వించే మాట ఒకటి వెతికాను, దొరకలేదు. తుఫాను నిజం. హెచ్చరికా నిజం. పసుపు పోవడం ఎవరి తప్పూ కాదని ఆమె నమ్మింది, నమ్మించింది నేను.

"పోయి చెప్దాం," అన్నాను.

"చెప్తే నన్నెవలు పిలుస్తరు బావ?"

బండి వెనక్కి, కోరుట్ల వైపు తిప్పాను. అతను దిగలేదు. నా భుజం మీది చెయ్యి మాత్రం తీసేశాడు.