సన్నేసమ్మ సోయా చేను దున్నించబోయిన పూట

2022 ఖరీఫ్. ఆనందపురంలోని మా విత్తనాల కొట్టుకి సన్నేసమ్మ వచ్చింది. నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలు అమ్మ దిద్దించింది, పెళ్లయ్యాక పైర్లు మావయ్యగారు నేర్పారు. వారిద్దరినీ తలుచుకున్నాకే రోజూ కొట్టు తీస్తాను.

“అప్పా, సోయా ఇత్తనం ఇంకో బస్తా ఇయ్యి. సేను దున్నీసి మళ్లీ ఏసుకుంతాను.”

“ఏటయింది?”

“ఏటవుతాది? మా తోటికోడలు సేను సాప పరిసినట్టుంది. నాది ముసిలోడి పళ్లలాగుంది. గట్టు మీద నిలబడి రోజూ నవ్వుతన్నాది.”

ఆ తోటికోడలు విత్తనం కొన్నది మా ఎదురుగా కొత్తగా తెరిచిన కొట్టులో. ఆ ఏడు జనమంతా అటే. దేవుడికి దీపం పెట్టి కూర్చున్నా నా చూపు అక్కడ ఆగే బళ్ల మీదే ఉండేది. మళ్లీ విత్తితే మా విత్తనం పరువైనా దక్కుతుందని బస్తా దించబోయాను. కానీ చేను చూడకుండా రెండోసారి విత్తనం ఇవ్వొద్దని మావయ్యగారి కట్టడి. ఇష్టం లేకుండానే వెళ్లాను.

మళ్లీ విత్తాలా వద్దా అన్నది ప్లాంట్ స్టాండ్ చూసి తేల్చాలి. అంటే మీటరు కర్ర సాలులో పెట్టి, నిలిచిన మొక్కలు లెక్కపెట్టడం. నాలుగు లెక్కపెట్టేసరికి నా కళ్లు పక్క చేను మీదికి పోయేవి. రెండుసార్లు లెక్క తప్పింది. చివరికి అటు వీపు పెట్టి కూర్చున్నాను. ఐదు చోట్ల చూశాను. మీటరుకి ఏడెనిమిది మొక్కలున్నాయి. తక్కువే, కానీ సమంగా ఉన్నాయి. ఖాళీలో వేలితో తవ్వితే, నాలుగు వేళ్ల లోతున విత్తనం కుళ్లి కనిపించింది.

“ఇంత లోతుకి ఏసీసావేటి?”

“సెనక్కాయలు అలాగే ఏత్తాం కాదేటి?”

“సోయాకి రెండు వేళ్ల లోతు సాలమ్మా. ఇత్తనం తప్పు కాదు. దున్నకు. ఉన్న మొక్కే కొమ్మలేసి ఖాళీ కప్పీస్తాది. ఇప్పుడు మళ్లీ ఏస్తే అదును దాటిపోయి కాయ పట్టదు. ఉన్న పంటా పోతాది.”

“మరి అది నవ్వితే?”

“నవ్వనీ. ఎదర కొట్టోలంటే నాకు మంట కాదేటి?”

“నీకూనా అప్పా?” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నూర్పిడయ్యాక వచ్చి చెప్పింది: “దానికే ఎక్కువొచ్చింది.” మళ్లీ తనే, “నాకూ వొచ్చిందిలే,” అంది. భగవంతుడికి దండం పెట్టుకున్నాను.

అప్పటినుంచి ఎవరి చేలో మొక్కలు లెక్కపెట్టినా పక్క చేనుకి వీపు పెట్టే కూర్చుంటాను. ఈర్ష్య పోదు. లెక్క మాత్రం సరిగ్గా వస్తుంది.