నా ముక్కూ, మా నీళ్ళపొయ్యీ

నాకేదో తేడా చేసిందని తెలిసిన రోజు మిర్చి యార్డులో ఉన్నాను. గుంటూరులో ఒక కమిషన్ కొట్టులో ముప్పై ఏళ్ళుగా గుమాస్తాని. రైతు బస్తా విప్పగానే చెయ్యి లోపలికంటా దూర్చి, అడుగునున్న కాయ గుప్పెడు తీసి వాసన చూడటం నా పని. పైన కాయ ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది, అడుగున తేమ కాయ దాక్కుని ఉంటుంది. కళ్ళను మోసం చెయ్యొచ్చు గానీ నా ముక్కును చెయ్యలేరని పేరు. యార్డులో ఉత్త వెంకటేశ్వర్లు అంటే ఎవరికీ తెలియదు, 'ముక్కు వెంకటేశ్వర్లు' అనాలి. ఆ పేరంటే నాకు మహా గర్వం.

ఆ రోజు ఒక బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని "బాగుంది, కాటా వెయ్యండి" అన్నాను. పక్కనున్న కొనుగోలుదారు ముఖం చిట్లించి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందండీ బాగుండేది? బూజు కంపు కొడతంటే!"

మళ్ళీ వాసన చూశాను. ఏమీ తెలియలేదు. చేతిలో మిరపకాయలున్నా చింతపిక్కలున్నా ఒకటే అన్నట్టుంది. జలుబు చేసిందని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను.

జలుబు నిజంగానే ఉంది, నెలల తరబడి ఉంది. ముక్కు బిగదీసుకుపోయి ఉండేది. గొంతులోకి చిక్కటి చీమిడి జారేది. పొద్దున్నే ఐదింటికి లేచి, దొడ్లో నీళ్ళపొయ్యి వెలిగించి, స్నానానికి ముందు కాండ్రించి ఉమ్మితే పసుపూ నలుపూ కలిసిన ముద్ద పడేది. చదివేవాళ్ళకు రోతగా ఉంటుందని తెలుసు. నాకూ రోతే. అందుకే చెంబెడు నీళ్ళు కొట్టేసి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. యార్డులో దగ్గని మనిషి ఎవరున్నారు? మా ఊళ్ళో ఏ దగ్గొచ్చినా, ఏ తుమ్మొచ్చినా మిర్చి ఘాటు అని పేరు పెట్టేసి పని చూసుకుంటాం. అసలు సంగతి అది కాదు. ముక్కు పోయిందని తెలిస్తే కొట్టులో నాతో పనేముంటుందని భయం.

సరిగ్గా అప్పుడే మా వీధిలో వాసన గొడవ మొదలైంది.

మాది ఊరి చివర కాలనీ. పడమటి వైపు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. మా ఎదురింట్లో కరుణమ్మ టీచర్ గారుంటారు, రిటైరై ఐదారేళ్ళయింది. ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర దండెం మీద ఆరేస్తే తెల్లారేసరికి నల్లటి చుక్కలు పడుతున్నాయనీ, దులిపితే రాలకుండా జిడ్డులా సాగుతున్నాయనీ ఆవిడే మొదట బయటపెట్టారు. చూసుకుంటే అందరి కిటికీ చువ్వల మీదా అదే జిడ్డు, పొద్దున్నే ఏదో కంపు కూడా. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. కోల్డ్ స్టోరేజీల్లో ఏదో మందు కొడుతున్నారని కొందరు, ఇదంతా భ్రమ అని కొందరు. పాలకేంద్రం నడిపే మా పక్కింటి కోటేశ్వరరావైతే తప్పంతా మిల్లు మీదికే తోశాడు.

టీచర్ గారు మాత్రం మెల్లగా అడిగారు. "ప్లాస్టిక్ కాల్చి, దాని మీద పురుగుమందు పోసినట్టుంటందండీ ఆ వాసన. అది వచ్చేది పొద్దున్నే ఐదింటికి. మిల్లు తెరిచేది ఎనిమిదింటికి గదా?"

"మనకెందుకమ్మా ఆ లెక్కలన్నీ? ముక్కున్నాయన మన వీధిలోనే ఉంటే!" అని కోటేశ్వరరావు నా భుజం మీద చరిచాడు. "చెప్పు బావా, ఏం వాసనది?"

అందరూ నా వైపు తిరిగారు. గాలి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. 'నాకు తెలియడం లేదు' అంటే సరిపోయేది. ఆ మాట నా నోట రాలేదు.

"మిల్లు పొగే. పత్తిగింజల నూనె మాడిన కంపు" అన్నాను.

ఇంకేం, తీర్పు వచ్చేసినట్టే. మున్సిపాలిటీకి అర్జీ రాశారు. మొదటి సంతకం నాది. వానల్లో మిల్లు కొన్నాళ్ళు మూతబడింది, అయినా జిడ్డు పడుతూనే ఉంది. టీచర్ గారు ఆ మాటే మళ్ళీ ఎత్తారు. మిల్లు ఆగితే మాత్రం పాత పొగ గాల్లో ఉండిపోదా అని కోటేశ్వరరావు వాదించాడు. నేను ఇంకో మెట్టు దిగాను. "తెల్లచీరలు కట్టుకుంటే మచ్చలు కనపడక ఏం చేస్తాయండీ? రంగు చీరలు కట్టుకోండి" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆవిడ గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నా బతుకులో నేనన్న మాటల్లో ఇంతకంటే నీచమైనది నాకు గుర్తులేదు.

ఆ తర్వాత ఆయాసం మొదలైంది. మేడ మెట్లు ఎక్కితే పిల్లికూతలు. అందరి కళ్ళూ మీ మీదే ఉన్నాయండీ అంటూ మా ఆవిడ నాగమణి ఒక ఆదివారం సాయంత్రం నాకు దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. మా వైపు లెక్క మీకు తెలిసిందే, మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. దగ్గయితే వచ్చింది గానీ అది నాకు రోజూ ఉండేదే.

"చూశావా నాగమణీ, కాస్తయినా ఘాటు రాలేదు. ఎంత దిష్టి ఉందో!" అన్నాను.

తిరిగి చూస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గుతోంది, కళ్ళలోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. గోడ అవతల నుంచి కోటేశ్వరరావు తుమ్ముల మధ్య అరిచాడు. "ఏంది చెల్లెమ్మా, వీధి మొత్తాన్నీ చంపేస్తావా ఏంది!"

నాగమణి నా ముఖంలోకి చూసింది. "ఏవండీ, నిజం చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి తెలియట్లా మీకు?"

మర్నాడే ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. కళ్ళు మూసుకోమని ముక్కు దగ్గర ఏదో పెట్టారు. ముప్పై ఏళ్ళ పేరు కదా, అప్పుడు కూడా తెలియదని ఒప్పుకోలేదు. "జీలకర్ర" అన్నాను. "కాఫీ పొడి అండీ" అన్నారావిడ. ఎండోస్కోపీ అని ముక్కులోకి సన్నటి గొట్టం పెట్టి టీవీలో చూపించారు. రెండు పక్కలా ద్రాక్షగుత్తుల్లా పాలిపోయిన కండ వేలాడుతోంది, దాని మీద జిగురు. ఇన్నాళ్ళూ గర్వంగా ఎత్తుకు తిరిగింది ఈ ముక్కునా అనుకున్నాను.

"వీటిని నాసల్ పాలిప్స్ అంటాం. సైనస్ అంతా నిండిపోయింది, దానికి తోడు ఆస్తమా కూడా. సీటీ స్కాన్ చేయించండి, సర్జరీ చేద్దాం. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు?"

"మిర్చి ఘాటు అనుకున్నానండీ."

"ఘాటు తెలిసినవాళ్ళు కదండీ ఘాటు అనుకోవాలి!"

సర్జరీ గురించి ఎక్కువ చెప్పను. నొప్పి భరించగలిగిందే. భరించలేనిది తర్వాతి రెండు రోజులు. ముక్కు నిండా ప్యాకింగ్, నోటితోనే ఊపిరి, నాలుక అట్టకట్టుకుపోవడం. ప్యాక్ లాగుతుంటే తలకాయలోంచి పేగు లాగుతున్నట్టుంది. ఇంటికొచ్చాక రెండు వారాలు స్టెరాయిడ్ స్ప్రే, ఇన్‌హేలర్, రోజూ ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. గాలి హాయిగా ఆడింది, వాసన మాత్రం ఇంకా తెలియలేదు. ఆ రెండు వారాలూ నాగమణి నా స్నానానికి నీళ్ళు గ్యాస్ మీదే కాచింది. ఇక నయమైందనుకుని, గ్యాస్ ఎందుకు దండగ అని మళ్ళీ పొద్దున్నే నీళ్ళపొయ్యి రాజేశాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నవాణ్ణి ఊపిరాడక లేవలేకపోయాను. ఆటోలో తీసుకెళ్ళి నెబ్యులైజర్ పెట్టించారు. డాక్టరమ్మ మళ్ళీ గొట్టం పెట్టి చూసి నిట్టూర్చారు. "మళ్ళీ వాపు వచ్చేసింది. పొగ తగులుతోందా మీకు?"

"మా పక్కన మిల్లుందండీ" అన్నాను ఠక్కున.

"మిల్లు సంగతి సరే. ఇంట్లో?"

"మాది గ్యాసేనండీ."

నాగమణి అందుకుంది. "వంట గ్యాస్ మీదేనండీ. స్నానం నీళ్ళు మాత్రం ఈయన పొయ్యి మీద కాస్తారు. మా తమ్ముడి చేలోంచి తెచ్చిన మిరపకట్టె. అంటించడానికి సైకిల్ ట్యూబు ముక్క వేస్తారు. కట్టెతో పాటు పురుగుమందు డబ్బాలొస్తే అవీ వేస్తారు, బాగా మండుతాయని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేశారు. "మీ జబ్బుకు ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ ఇదుంటే మాత్రం తగ్గదు. ఆ పొయ్యి ఇవాళే ఆపండి."

పొయ్యి ఆగింది, స్ప్రే, ముక్కు కడుక్కోవడం మళ్ళీ మొదలయ్యాయి. కానీ మనసులో నేనింకా ఒప్పుకోలేదు. ఇంత చిన్న పొయ్యితో వీధంతా పాడవుతుందా అనుకున్నాను. మర్నాడు పొద్దున ముక్కు కడుక్కుంటే తెల్లటి బేసినులో నల్లటి తీగలు పడ్డాయి. వేలితో రాస్తే సాగాయి. అదే జిడ్డు. ఎదురింటి చీర మీద పడ్డదీ, నా ముక్కులోంచి వచ్చిందీ ఒకటే. ఛీ అనిపించింది. సబ్బు పెట్టి చెయ్యి మూడుసార్లు తోముకున్నాను.

పదిరోజుల తర్వాత పొయ్యి పీకేద్దామని బూడిద ఎత్తడానికి వంగాను. బూడిదలో సగం కరిగిన మందు డబ్బాలు గడ్డకట్టి ఉన్నాయి. పార తగలగానే ముక్కులోకి ఏదో గుప్పున కొట్టింది. మొదట అది వాసన అని కూడా తెలియలేదు. కాలిన ప్లాస్టిక్, దాని మీద పురుగుమందు. టీచర్ గారు చెప్పింది చెప్పినట్టే. ఇన్ని నెలల తర్వాత నా ముక్కుకు అందిన మొదటి వాసన నా పొయ్యిదే. పార వదిలేసి గోడ పక్కన వాంతి చేసుకున్నాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నేను నా కంపు కూడా ఎరగలేదు.

ఆ సాయంత్రమే ఎదురింటి గేటు తీశాను.

"టీచర్ గారూ, ఆ వాసన మా పొయ్యిదేనండీ. ఆ రోజు చీర గురించి అన్న మాట..."

ఆవిడ కూర్చోమనలేదు. "క్షమాపణ తర్వాత. ఆ అర్జీ మీద మొదటి సంతకం మీదే గదా? ముందు ఆఫీసుకెళ్ళి ఐదింటి వాసన ఎక్కడిదో రాసివ్వండి. మిల్లు నుంచి ఎగిరొచ్చే దూదిపొట్టు సంగతి వేరే రాద్దాం, దానికి నేనూ సంతకం పెడతా."

రాసిచ్చాను. ఆ తర్వాతే లోపలికి రమ్మన్నారు. చుక్కలు పడ్డ తెల్లచీరలో మచ్చలేని చోట నా ముందే నాలుగు ముక్కలు చించి ఒకటి నా చేతిలో పెట్టారు. "తడిపి మీ పిట్టగోడ మీద ఆరేయండి. మీ ముక్కు మాట మనకొద్దు, దీన్నడుగుదాం." మా వీధిలో ఇంకా ఏడు నీళ్ళపొయ్యిలున్నాయి. మిగతా మూడు ముక్కలూ వీధిలో అక్కడక్కడా కట్టాం, వాటి మీద పడ్డ నల్లచుక్కలు చూపించాక ఆరు ఆగాయి. కోటేశ్వరరావు పొయ్యి మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. "మన పొయ్యి పొగ కూడా ఒక పొగేనా బావా!" అంటాడు. ఒకప్పుడు నేను అనుకున్నదీ అదేగా.

ఇప్పటికి ఏడాది దాటింది. ఇన్‌హేలర్ మానలేదు. ఘాటైన వాసనలు తెలుస్తాయి, సన్నటివి తెలియవు. కొట్టులో యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. బస్తా వాసన ఇంకొకరు చూస్తారు, నేను కాటా దగ్గర ఉంటాను. ముక్కు వెంకటేశ్వర్లు అని ఇప్పటికీ పిలుస్తారు, వినడానికి సిగ్గేస్తుంది.

తోటివాళ్ళకు ఒక్కటే చెప్తాను. పొద్దున్నే కాఫీ కలిపే ముందు కళ్ళు మూసుకుని, ఒక్కో ముక్కు రంధ్రంతో విడిగా ఆ పొడి వాసన చూడండి. నాలుగు రోజులు వరసగా తెలియకపోతే ఘాటనీ జలుబనీ పేరు పెట్టకుండా డాక్టరుకు చూపించుకోండి.

మొన్న పొద్దున టీచర్ గారు గేటు దగ్గరికొచ్చి అడిగారు. "వెంకటేశ్వర్లు గారూ, మళ్ళీ ఏదో వాసన వస్తోంది. ఏంటంటారు?"

"నాకు తెలియడం లేదండీ" అన్నాను. ఇద్దరం వెళ్ళి పిట్టగోడ మీద గుడ్డ చూశాం.