మూల బర్నరు

ఆ పేటలో ఎవరింట్లో కుళాయి కారినా కబురు ముందు మేస్త్రికే వెళ్లేది. పానా చంకలో పెట్టుకుని ఇలా వెళ్లి అలా బాగుచేసి వచ్చేవాడు. అదేం చిత్రమో గానీ, ఆయన సొంత వంటింటి కుళాయి మాత్రం కాపురం పెట్టిన కొత్తలో మొదలుపెట్టిన కారడం ఇంతవరకూ ఆపలేదు. "ఏమండీ, ఆ కుళాయి..." అని భార్య అనడం, "రేపు చూస్తాలే" అని ఈయన అనడం ఆ ఇంట్లో మామూలే. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఆవిడ కుళాయి కింద ఓ గిన్నె పెట్టింది. నిండినప్పుడల్లా ఆ నీళ్లు పెరట్లో మొక్కలకు పోసేది. మేస్త్రి బద్ధకం పుణ్యమా అని మొక్కలు మాత్రం మహా ఏపుగా పెరిగాయి.

అలాంటి మనిషిని ఆవిడ చాన్నాళ్లకు మళ్లీ ఒక పని అడిగింది.

ఆవిడ తండ్రికి ఒకప్పుడు బస్టాండు పక్కన చిన్న హోటలుండేది. అందులో పోత ఇనుముతో చేసిన గ్యాసు గ్రిల్లు, దానికి నాలుగు బర్నర్లు. దాని మీద రొట్టెలూ చేపలూ బంగాళాదుంపలూ కాల్చి అమ్మి ఆయన ఇద్దరు పిల్లల్ని పెంచాడు. ఆయన పోయాక హోటలు మూతబడింది, గ్రిల్లు కొడుకు గోదాములో ఓ మూలకు చేరింది. మొన్న గోదాము ఖాళీ చేస్తూ ఆ కొడుకు ఫోను చేసి, "అక్కా, కావాలంటే తీసుకెళ్లు, లేదంటే పాత ఇనుముకు వేసేస్తా" అన్నాడు. నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ దాన్ని తెచ్చి పెరట్లో, ఆవిడ గిన్నెలు తోముకునే గట్టు పక్కన దించారు. ఒళ్లంతా తుప్పు. మూత ఎత్తితే లోపల సాలెపురుగుల సంసారం.

ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మొగుడి ఎదుట నిలబడింది.

"ఆదివారం పాత ఇనుము బండి వస్తుంది. ఈలోగా ఇది వెలిగిందా, ఉంటుంది. వెలగలేదా, బండెక్కుతుంది. మా నాన్న చేతి వస్తువు ఇలా చచ్చి పడుంటే, రోజూ దాని మొహం చూస్తూ గిన్నెలు తోముకోవడం నావల్ల కాదు. ఇంకో మాట. రేపు అనకండి."

నోటిదాకా వచ్చిన ఆ మాటనే మేస్త్రి గుటుక్కున మింగేశాడు.  కుళాయి గురించి అడిగినప్పుడు ఆవిడ ఎన్నడూ ఇలా గడువు పెట్టలేదు.

ఆ పూటే పనిలోకి దిగాడు. చువ్వలు ఊడదీసి కిరసనాయిలులో నానబెట్టాడు. తీగ బ్రష్షుతో తుప్పు గీకి గీకి చేతులు ఇటుకరంగుకు తిరిగాయి. ఇక బోల్టులు! పాత బోల్టు దగ్గర బలం చూపించకూడదనేది మేస్త్రి సిద్ధాంతం. తల విరిగిందంటే ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా తీయలేడు. అందుకని సాయంత్రం నూనె చుక్కలు వేయడం, పొద్దున సుత్తితో మెల్లగా తట్టడం, కదలకపోతే మళ్లీ నూనె వేయడం. "ఏం నాయనా, ఇవాళైనా వస్తావా?" అని వాటిని బతిమాలుకోవడం గోడవతల పక్కింటివాళ్లకు కూడా వినబడింది. వాళ్లేమనుకున్నారో వాళ్లకే తెలియాలి. మొత్తానికి బోల్టులన్నీ ఒకదాని వెనక ఒకటి లొంగి వచ్చాయి.

రానిదల్లా ఒక్కటే. గ్యాసు లోపలికి వెళ్లే చోట పైపును పట్టుకున్న ఇత్తడి నట్టు. నూనె తాగింది, దెబ్బలు తింది, వేడి చేసినా ఉలకలేదు, పలకలేదు. పోనీ గట్టిగా లాగుదామంటే, అది పగిలితే అలాంటిది ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. గ్రిల్లు నేరుగా బండెక్కడమే.

శనివారం సాయంత్రానికి మేస్త్రి సిద్ధాంతం గాలికిపోయింది. పానా పిడికి బారెడు ఇనప గొట్టం తొడిగి, కాలు గట్టుకు తన్నిపెట్టి లాగాడు. నట్టు కీచుమంది.

"ఆగండాగండి!" ఆవిడ చేతిలో గిన్నె అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. "అటు కాదు, ఇటు తిప్పాలి!"

"నీకేం తెలుసే? నా జన్మంతా నట్లు తిప్పడంతోనే గడిచింది."

"మీరు తిప్పినవి నీళ్లవి. ఇది గ్యాసుది. సిలిండరు మార్చినప్పుడల్లా మా నాన్న అనేవాడు, 'అమ్మడూ, ఇది నీలాగే ఎడ్డెమంటే తెడ్డెమంటుంది, దీన్ని ఎదురు తిప్పాలి' అని."

ఆవిడ మాట తప్పని చూపించడానికే మేస్త్రి పానా ఎదురు తిప్పాడు. నట్టు కిర్రుమని, బుద్ధిగా కదిలింది.

"అంటే వారమంతా నేను దీన్ని..."

"బిగించారు," అని ఆవిడ అక్కడే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"పోయినా సరే, మామగారు నన్ను ఏడిపించడం మానలేదు," అని గొణిగాడు మేస్త్రి. గొణిగాడే గానీ, ఆవిడ అంతలా నవ్వి ఎన్నాళ్లయిందోనని లోపల్లోపల పొంగిపోయాడు.

ఆదివారం పొద్దున కొత్త గొట్టం, కొత్త రెగ్యులేటరు బిగించి, అతుకులన్నిటికీ సబ్బు నురుగు రాసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. గ్యాసు సన్నగా చిమ్మే జెట్టులను ఒక్కొక్కటే తీగతో పొడిచాడు. మూడు శుభ్రపడ్డాయి. గోడవైపు మూలది మాత్రం తీగను లోపలికి రానివ్వలేదు. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఎవడో బుద్ధిలేనివాడు దీన్ని మూసేశాడే! ఇది చెత్త చేరడం కాదు. జెట్టు తీసేసి, ఆ చోట ఇత్తడి ముక్కను ఆకురాయితో అరగదీసి, మర కోసి మరీ బిగించాడు. కావాలని చేసిన పని. ఉండు, ఒక్క నిమిషంలో పీకేస్తా."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏ మూలది?"

"ఇదిగో, ఈ గోడవైపుది."

"తీయకండి." ఆవిడ సబ్బు చేతులతోనే గట్టు మీద కూర్చుంది. "నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ మూల వెలగలేదు. పాడైపోయింది అమ్మడూ అనేవాడు మా నాన్న. బేరాలు నిలబడి కేకలేస్తుంటే, ఆ నాలుగోది బాగుచేయించండి మహానుభావా అని మా అమ్మ రోజూ పోరేది. రేపు చేయిస్తాలే అనేవాడు." ఆవిడ చేయి చాపి ఆ మూలను తడిమింది. "బడి నుంచి నేనెంత ఆలస్యంగా వచ్చినా నా పళ్లెం ఆ మూల మీదే ఉండేది. మాడేది కాదు, చల్లారేది కాదు. మూల పాడైంది కాబట్టి అక్కడ పెడుతున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. నా పళ్లెం కోసం ఒక పొయ్యే ఆర్పేసుకున్నాడండీ!"

ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. 'బుద్ధిలేనివాడు' అన్నందుకు మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

వీధిలో "పాత ఇనుమూ..." అని కేక వినబడింది. ఆవిడ మొహం తుడుచుకుని గుమ్మం దాకా వెళ్లి, "మా ఇంట్లో ఏమీ లేదు, వెళ్లు నాయనా" అని చెప్పి వచ్చింది.

మూడు బర్నర్లూ గుప్పుమని అంటుకున్నాయి. దుంపలు కాలాయి, రొట్టెలు పొంగాయి. ఆవిడ ఒక పళ్లెం నింపి వెలగని మూల మీద పెట్టి, "ఆ మసి చేతులేమిటి? కడుక్కుని రండి" అంది.

మేస్త్రి వంటింట్లోకి వెళ్లాడు. చేతులు కడుక్కుని కుళాయి కట్టేశాడు. టప్పుమని గిన్నెలో ఓ చుక్క పడింది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తర్వాత వెళ్లి పానా తెచ్చుకున్నాడు.

"ఏమండీ, ఎంతసేపు?" అని పెరట్లోంచి రెండుసార్లు పిలుపొచ్చింది. ఆయన వచ్చి పళ్లెం అందుకునేసరికి అది ఇంకా వెచ్చగానే ఉంది.

ఉప్పు తెస్తానని లోపలికెళ్లిన ఆవిడ ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఉప్పు లేదు, ఖాళీ గిన్నె ఉంది.

"మరి మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?" అంది.

"నేను పోస్తాలే," అన్నాడు మేస్త్రి నోట్లో ముద్దతో. "ఇవాళే."