హోసూరు అమ్మ గొంతు

మా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియోలో హోసూరు అమ్మను తెలుగు సరిగా రాదని పంపించేశారంటారు. అది అబద్ధం.

ఏళ్లతరబడి సినిమా తల్లులకు గొంతిచ్చిన మనిషి. ఆ రోజు పనిమనిషి పాత్రకు, "మీ ఊరి యాసలో చెప్పండమ్మా, జనం నవ్వాలి" అన్నాడు దర్శకుడు.

ఆమె ఎప్పటిలాగే కొంగు నడుముకు బిగించింది. "రాష్ట్రాలు పంచుకున్నప్పుడు మమ్మల్ని అడిగితిరా సామీ? తమిళనాడు పక్క ఏస్తిరి. బళ్లో తెలుగు లేకపోయినా ఇంట్లో కాపాడుకుంటిమి. అది మీకు నవ్వులాటనా? తల్లి పాత్రకు పెట్టు, ఇప్పుడే చెప్తా."

చెప్పేసింది కూడా. కొడుకును సాగనంపే తల్లి మాటలు, ఆ యాసలోనే. ఎవరూ నవ్వలేదు.

"చెరిపెయ్" అన్నాడాయన. రికార్డింగ్ మీట దగ్గర కూర్చునే నేనే నొక్కాను.

"చెరుపుకో నాయనా" అంది నాతో, స్టూడియో వదిలి వెళ్లిపోతూ. "ఇంటికి పోతానే నా మనవరాలితో ఇదే మాట్లాడేది."