చప్పుడున్న గది

నా జీవితంలో హోటల్ గది ఎంచే అధికారం నా చేతికి వచ్చింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ తప్పు చేశాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఆ తప్పును సరిదిద్దిన ఇద్దరు ఆడవాళ్లను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది అది. మా బాపు తొమ్మిది రోజులు సూరత్ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. పంపించేటప్పుడు డాక్టరు, ఇంకో పది రోజులు ఎవరితోనూ కలవకుండా వేరే గదిలో ఉంచమన్నాడు. వేరే గది! డిండోలిలో మాకున్నదే ఒక గది, దాని మూలకు వంటగట్టు. అమ్మకు ఏళ్ల తరబడి షుగరు. బాపు నుంచి ఆమెకు అంటుకుంటే తట్టుకోలేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పట్లో కొన్ని హోటళ్లు ఇలాంటివాళ్లకు గదులిచ్చేవి. ఏదో ఒకటి ఆ సాయంత్రంలోగా చూడాలి.

"టేషన్ కాడ లాడ్జి ఉన్నది గద బిడ్డా. మనకు దగ్గరైతది" అంది అమ్మ.

"ఆ రైళ్ల మోతల రోగిని పండవెడ్తరా ఎవరన్న?" అని కసురుకున్నాను.

అప్పటికే నా మనసులో ఒక హోటలు ఉంది. నేను హజీరాలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. కంపెనీ బస్సు తాపీ నది దాటి, ఊరి రద్దీ వదిలి, ఇచ్ఛాపూర్ వైపు మళ్లే ముందు ఒక తోట దగ్గర ఆగుతుంది. మునిసిపాలిటీ వాళ్ల తోట. దాని పక్కనే మూడంతస్తుల చిన్న హోటలు. నాలుగేళ్లు రోజూ బస్సు కిటికీలోంచి ఆ రెంటినీ చూశాను. ఎప్పటికైనా ఆ హోటల్లో ఒక్కరోజు కిటికీ తెరుచుకుని ఊరికే కూర్చోవాలని ఉండేది.

నా కోరికకు కారణం ఉంది. మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు సాంచలు నడపడానికి వచ్చాడు. సాంచలంటే కరెంటు మగ్గాలు. నేను పుట్టింది, పెరిగింది వాటి చప్పుడులోనే. మా ఇంటి గోడకు అవతల ఇరవై నాలుగు సాంచలు, ఇవతల నా పుస్తకాలు. చెవుల్లో దూది పెట్టుకుని పదో తరగతి పాసయ్యాను. నిశ్శబ్దం అనేది డబ్బున్నవాళ్ల ఇళ్లలో దొరికే వస్తువని చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. అందుకే, చావు అంచు దాకా వెళ్లొచ్చిన మా బాపుకు ఆ వస్తువు నేను ఇప్పించాలనుకున్నాను. ఊరికి దూరం, పక్కన తోట, మంచి గాలి. ఇంకేం కావాలి?

హోటలు యజమానురాలు అరవై దాటిన గుజరాతీ ఆవిడ. మాసీ, అంటే పిన్నీ, అని పిలిచాను; బేటా అని పలికింది. రెండో అంతస్తులో తోట వైపు గది ఇచ్చింది. కిటికీ తీస్తే వేపచెట్లు, ఎర్రగా పూసిన తురాయిలు. తోట గేటుకు తాళం వేసి ఉంది కాబట్టి మనుషుల అలికిడి కూడా లేదు. బాపు మంచం మీద కూర్చుని, దుప్పటి మీద చెయ్యి ఆనించి, "మస్తుంది బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను గాల్లో తేలుకుంటూ ఇంటికొచ్చాను.

పొద్దున్నే ఫోన్ చేస్తే నిద్ర పట్టలేదన్నాడు. కొత్త జాగ కదా అనుకున్నాను. రెండో రోజూ అదే మాట. మూడో రోజు పొద్దున వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషన్‌లో తొంభై ఆరు కాస్తా తొంభై మూడుకు వచ్చింది. పంపిన ఖిచిడీ పంపినట్టే తిరిగి వస్తోందని మాసీ చెప్పింది.

"నేనింటికొస్త. గీడ నాతోని గాదు" అన్నాడు బాపు.

"అమ్మకు షుగరున్నది బాపు. నువ్వొస్తే ఆమె సంగతేంది?"

"దూరంగ పండుకుంట తియ్. వాకిట్ల పండుకుంట."

వాకిలంటే మా ఇంటిముందు మనిషి అడ్డంగా పడుకుంటే ఎవరూ దాటలేని జాగా. నేను అరిచాను. ఇంత మంచి గది దొరికితే మొండితనం ఏంటని, నిద్ర అదే వస్తుందని, చిన్నపిల్లాడివా అని. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆటో మాట్లాడుకుని వచ్చేస్తాడేమోనని ఆ పూట నాకు ముద్ద దిగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, గదిలో లోపం ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు.

"నన్ను తోల్కపో. నేనడుగుత" అంది అమ్మ.

స్కూటీ మీద తీసుకుపోయాను. తోట కంచె పక్కన కాలిబాట మీద నిలబడితే పై కిటికీ కనిపిస్తుంది. ఫోన్ చేసి బాపును కిటికీ దగ్గరికి రమ్మన్నాను. మూడు రోజుల్లో మనిషి సగమయ్యాడు. అమ్మ ఫోన్ నా చేతిలోనే ఉంచి, చెయ్యెత్తి వేళ్లు తిప్పింది. బాపు కూడా చెయ్యెత్తాడు.

సాంచల కార్ఖానాలో మాట వినపడదు. చెవి దగ్గర అరిచినా పెదవులు కదలడమే కనిపిస్తుంది. అందుకని పనివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగింది, నూలు చుట్టిన కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, చాయ్ తాగుదాం, అన్నిటికీ సైగలున్నాయి. పెళ్లయిన కొత్తలో అమ్మ అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. వాళ్ల కాపురంలో సగం మాటలు చేతుల మీదే నడిచాయి. నాకు ఆ భాష రాదు. నేర్చుకోవాలని ఎన్నడూ అనిపించలేదు, కాస్త చిన్నతనంగా కూడా ఉండేది. ఆ రోజు కాలిబాట మీద ఇద్దరి చేతుల మధ్య తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

అమ్మ చెయ్యి దించి నావైపు తిరిగింది. "సప్పుడు లేదంటున్నడు."

"సప్పుడు లేకపోతే మంచిదే గదనే?"

"నీకు మంచిది. సాంచలన్నీ ఒక్కపారి బందయినయంటే ఎవరికన్న దెబ్బ తాకినట్టు, లేకుంటే పానం పోయినట్టు. ముప్పై ఏండ్ల సంది ఆయనకు గదే ఎరుక. కన్ను మూస్తే దిగ్గున లేస్తుండంట. ఎవరికి ఏమైందో అని చెవులు పెట్టి ఇంటుండంట."

మొదటి లాక్‌డౌన్‌లో సాంచలు ఆగిపోయినప్పుడు ఆయన వారాల తరబడి గోడకు చెవి ఆనించి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. చూసి, పని లేక పిచ్చెక్కుతోందని నవ్వుకున్నాను. ఒకే గదిలో అన్నేళ్లు బతికి, మా బాపు దేనికి నిద్రపోతాడో కూడా నాకు తెలియదు.

లోపలికి వెళ్లి మాసీని అడిగాను, హోటల్లో అన్నిటికంటే చప్పుడెక్కువ ఉండే గది ఏదని. ఎగతాళి చేస్తున్నాననుకుందో ఏమో, కళ్లద్దాల పైనుంచి చూసింది. సంగతంతా చెప్పాను. ఆవిడ హిందీలో, "వెనక ఒకటుంది బేటా. ఒక పక్క బట్టలుతికే మిషన్లు, ఇంకో పక్క నీళ్ల మోటారు. ఆ గది ఇస్తే జనం నన్ను తిట్టిపోతారు" అంది. అదే ఇమ్మన్నాను. పనివాళ్లు లోపలికి రావడానికి జంకితే, ఆవిడే ప్లాస్టిక్ గౌను తొడుక్కుని, ఆ వయసులో, కొత్త దుప్పటి పరిచి బాపును కిందికి దింపి తీసుకొచ్చింది. అప్పుడు సొంత చుట్టాలే గుమ్మం దగ్గర్నుంచి తప్పుకుపోతున్న రోజులు.

పదకొండింటికి గది మారింది, మేం ఇంటికొచ్చేశాం. రెండింటికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. నాలుగోసారి మాసీకి చేస్తే, తలుపు కొట్టినా పలకడం లేదంది. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని నదిని ఎలా దాటానో ఇప్పటికీ గుర్తులేదు. ఇంటికొస్తానని బతిమాలినవాణ్ని నేనే ఆపాను అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

ఆ గది కింది అంతస్తులో ఉంది, కిటికీ వెనక సందులోకి. మిషన్లు, మోటారు ఒక్కటై సందంతా అదిరిపోతోంది. మారు తాళంచెవి పట్టుకుని మాసీ తలుపు వైపు నడుస్తుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆరడుగుల దూరం నుంచే కిటికీ ఊచల్లోంచి లోపలికి చూస్తోంది. నేనూ చూశాను. బాపు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు తెరిచి. ఛాతీ మీది దుప్పటి లేస్తోంది, దిగుతోంది.

"లేపకు. పండుకోనీ" అంది అమ్మ. అని, సందులోనే చతికిలబడి ఏడ్చింది. మాసీ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, దూరం గుర్తొచ్చి ఆగి, అక్కడే ఎదురుగా కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ మోతలో వచ్చినా వినపడదు. నేను గోడకు ఆనుకుని ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాను.

చీకటి పడేముందు లేచి ఖిచిడీ రెండుసార్లు అడిగాడట. పప్పుచారులో బెల్లం ఎందుకేశారని తిట్టాడు కూడానట. తిట్టాడని విన్నాక నాకు ధైర్యమొచ్చింది. మర్నాటికి వేలి మిషన్‌లో తొంభై అయిదు, ఆ మర్నాటికి తొంభై ఏడు. రోజూ సాయంత్రం అమ్మ ఆ సందులో నిలబడేది, కిటికీ లోపల ఆయన. ఆ హోరులో మొత్తం హోటల్లో కబుర్లు చెప్పుకోగలిగింది వాళ్లిద్దరే.

పదో రోజు బయటికొచ్చాడు. అమ్మకు ఏమీ కాలేదు. బాపు మాసీకి దూరం నుంచి వంగి దండం పెట్టాడు, ఆవిడ జైశ్రీకృష్ణ అంది. ఆటో కోసం తోట ముందు నిలబడ్డాం. తాళం వేసిన గేటులోంచి బాపు చెట్లను చూస్తున్నాడు. నేను ధైర్యం చేసి చెప్పాను.

"తప్పయింది బాపు. తోట నాకిష్టమని గీడ దెచ్చిన. నిన్ను అడగనే లేదు."

ఆయన మాస్కు సర్దుకున్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి, ఊపిరి చాలక మెల్లగా అన్నాడు. "సాంచల సందున పండుకున్న, బస్తాల మీద పండుకున్న, సేటు సూపిన కాడల్లా పండుకున్న. నా కోసమని జాగ ఎతికినోళ్లు ఎవలున్నరు బిడ్డా? నువ్వే ఎతికినవు. గా మూడు రోజులు నిద్ర వట్టకున్నా, నేను గదే అనుకుంట కూసున్న."