పిల్లల తోటలో ఒక్క మొక్కా చావలేదు

మా అటవీ పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ అత్త అనేవారు. మొగుడు లేడు, కూతురు లేదు, అల్లుడు అసలే లేడు, అయినా అత్త. వేసవి క్యాంపుకొచ్చిన మొదటి జట్టు పిల్లలు పెట్టిన పిలుపు అది. తర్వాత డైరెక్టరుగారికీ అలవాటైంది. క్యాంపు వంటవాణ్ణి, ఆమెకంటే పెద్దవాణ్ణి, నేనూ అత్త అన్నాను. ఆమె నన్ను అన్నా అనేది. మా చుట్టరికం ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆమె పని నర్సరీలో. సంచుల్లో మట్టి నింపడం, గింజ వేయడం, నీళ్ళు పట్టడం, మొలకెత్తని సంచుల్ని పక్కన పెట్టి తిట్టడం. తిట్లు పనిలో భాగం కాదు గాని, ఆమెకు మాట్లాడేందుకు ఇంకెవరున్నారు? ఉండేది, మొక్కలకు నీడ కోసం కట్టిన షేడ్ నెట్ వెనక ఒంటి గదిలో. పనితోపాటు ఇచ్చిన గది. పని పోతే గదీ పోతుంది, ఆ గది దాటితే ఆమెకు మరో గడప లేదు.

వేసవిలో పిల్లలు దిగితే కేంద్రమంతా గోల. పాదులు చేయడం, ఎరువు కలపడం, ఆకు చూసి చెట్టు పేరు చెప్పడం నేర్చుకునేవారు. సగం నేర్చుకుని సగం నా వంటకు వంకలు పెట్టేవారు. క్యాంపు ఆఖర్న, తొలి వాన పడగానే, వెనక ఉన్న రాళ్ళ నేలలో తలా ఒక మొక్క నాటి, పేరు చెక్కిన రేకు ముక్కను కాండానికి కట్టేవారు. బస్సు కదులుతుంటే కిటికీల్లోంచి ఒకటే అరుపులు.

"అత్తా, నా మొక్క జాగ్రత్త! మళ్ళీ వస్తా!"

మేమందరం చెయ్యి ఊపి ఎవరి పనిలోకి వాళ్ళం పోయేవాళ్ళం. ఆ మాట నెత్తిన పెట్టుకున్నది ఆమె ఒక్కతే.

రాళ్ళ నేల. ఎండలకు మొక్కలు చచ్చిపోయేవి. "రేపు ఆ పిల్ల వచ్చి అడిగితే ఏం చూపించను?" అనుకుని, ఆమె నర్సరీలోంచి అదే రకం, అంతే ఎత్తు మొక్కను తెచ్చి, ఎండిపోయినదాన్ని పీకేసి, దాని చోట నాటి, పాత రేకునే కట్టేది. పట్టపగలే చేసేది. క్యాంపు అయిపోయాక అటు చూసేవాళ్ళెవరు? పగిలిన గ్లాసు తీసి ఇంకో గ్లాసు పెట్టినంత మామూలుగా చేసుకుపోయింది, ఏళ్ళ తరబడి.

పిల్లలు మాత్రం రాలేదు. ఒక్కరూ రాలేదు. గేటు దగ్గర బండి చప్పుడైతే చాలు, చేతులు చీరకు తుడుచుకుంటూ బయటికి వచ్చేది. "అత్తా, అది ఎరువుల లారీ" అని నేను నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది. వెనక్కి తిరిగి మళ్ళీ నర్సరీలోకి వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో కొత్త రీసెర్చ్ మేడం వచ్చింది. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో చూడటం ఆమె పని. పక్కనే కేంద్రం వేసిన మొక్కలు సగానికి సగం పోయాయి. పిల్లల తోటలో ఒక్కటీ పోలేదు! మేడం ఆనందం పట్టలేకపోయింది. చిన్న చేతులతో చిన్న గోతులు తీసి, చుట్టూ రాళ్ళు దగ్గరగా పేర్చడం వల్లే తేమ నిలిచిందని తేల్చింది. పైవాళ్ళు కూడా సరేనన్నారు.

ఆ కబురు మోసుకుని, అత్త నా దగ్గర టీ తాగుతుంటే, నేరుగా వంటింట్లోకి వచ్చింది. "వచ్చే వానలకి తోట పక్కనున్న కొండంతా ఇలాగే నాటుదాం అత్తా! మొక్కలన్నీ మీ చేతి మీదుగానే పెరగాలి."

మేడం వెళ్ళాక చూస్తే అత్త చేతిలో టీ తాగకుండానే చల్లారిపోయింది. అప్పుడు చెప్పింది నాకు అసలు సంగతి.

"నోరు మూసుకుని టీ తాగు" అన్నాను. "కొండేమైనా నీదా? మొక్కలు చస్తే వానలు సరిగ్గా పడలేదనుకుంటారు. ఆ గది పోతే ఎక్కడ తల దాచుకుంటావు?"

"కొండెడు మొక్కలు పెంచి చావడానికి పంపమంటావా అన్నా?"

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేడానికి చెప్పేసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మేడం లెక్కల కాగితాలు పక్కన పెట్టింది. "ఏ మొక్కా చావని తోట చూసి నాకే అనుమానం రావాల్సింది" అంది. మంచి మనిషి. కొండ పని ఆపించింది, అత్త గది పోకుండా చూసింది. కానీ ఒక ఆర్డరు వేసింది: ఆ తోటలో ఇక చెయ్యి పెట్టకూడదు. చచ్చినవి చచ్చినట్టే ఉండాలి, రేకులు తియ్యకూడదు. ఆ ఏటి నుంచి పిల్లలచేత మొక్కలు నాటించడం కూడా మానేశారు. బస్సు కిటికీల్లోంచి ఆమెకు అప్పగింతలు పెట్టేవాళ్ళే లేకుండా పోయారు.

ఆ మరుసటి వేసవికి తోటలో చాలా మొక్కలు ఎండి పుల్లలయ్యాయి. సరిగ్గా అప్పుడే, ఒక మధ్యాహ్నం, గేటు దగ్గర ఒకమ్మాయి ఆటో దిగింది. చేతిలో పెట్టె. కొత్త ఉద్యోగంలో చేరడానికి పోతూ దారిలో ఆగిందట. నేను పోల్చుకోలేదు. అత్త చూడగానే పోల్చింది. క్యాంపుకొచ్చి అమ్మ కోసం బెంగపెట్టుకుని రోజూ ఏడ్చిన పిల్ల. మేం ఏడుపుల రాణి అనేవాళ్ళం.

అత్త ఎదురెళ్ళింది. కూర్చోమని కూడా అనకుండా, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నీ మొక్క చచ్చిపోయిందమ్మా. కాపాడలేకపోయాను. నన్ను క్షమించు."

"ఏ మొక్క అత్తా?"

అత్త వేలితో వెనక తోట వైపు చూపించింది.

"నేను మొక్క నాటానా? గుర్తే లేదు. నేను మిమ్మల్ని చూద్దామని వచ్చా. రాత్రుళ్ళు ఏడుస్తుంటే మీ గదిలో పడుకోబెట్టుకునేవారు కదా. పొద్దున్నే రెండు జడలు వేసి, ఇంక ఏడిస్తే జడలు ఊడిపోతాయని బెదిరించేవారు. నేను నమ్మేశాను కూడా!"

నవ్వుకున్నారు. టీ తాగారు. అరగంటలో ఆటోవాడు హారన్ కొట్టాడు. "మళ్ళీ వస్తా అత్తా" అంది ఆ పిల్ల. ఇన్నేళ్ళూ ఆ మాటకు అత్త జవాబు ఒకటే, నీ మొక్క భద్రంగా ఉంటుంది, రా అని. ఈసారి మొక్క మాట ఎత్తలేదు.

"నా కోసం రా" అంది.

ఆటో వెళ్ళాక నర్సరీ వైపు పోలేదు. వంటింటి గుమ్మంలో కూలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అన్నా, ఏ చెట్టు ఎవరిదో రేకు చూడకుండా చెప్తాను. ఆ పిల్లకి జడలు వేసింది మాత్రం నాకు గుర్తు రావడం లేదు. ఎంత ఆలోచించినా రావడం లేదు."