ఒకే షీటు, చీమ తలకాయంత అంకెలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. పాశమైలారంలో మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేసే షెడ్డులో నేను డ్రాయింగులు వేసేదాన్ని. ఇప్పటికీ అదే పని. ఇందులో నా ప్రాణం తోడేసే మాట ఒకటుంది: "అంతా ఒక్కటే షీట్ల పెట్టుండ్రి మేడం."

ఈ పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. కంప్యూటర్లో ట్యాంకును అసలు కొలతతోనే గీస్తాం. కాగితం మీదికి వచ్చేసరికి అది ఇరవయ్యో వంతు అవుతుంది. దాంతోపాటు అక్షరాలూ కుంచించుకుపోతాయి. కాగితం మీద అంకె రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలంటే కంప్యూటర్లో యాభై పెట్టాలి. బాణాలకూ, కొలత గీతలకూ అదే లెక్క. దానికి డైమెన్షన్ స్కేల్ అనే సెట్టింగు ఉంది. ఆ ఏడాది వచ్చిన ఒక ట్యాంకుకు నేను ఏ వన్ సైజుకు, అంటే బల్ల నిండా పరుచుకునే పెద్ద కాగితానికి, అన్నీ సరిచూసి పెట్టాను.

కస్టమర్ తరఫు ఇంజినీరు మహేశ్ సార్‌కు ఆ కాగితం నచ్చలేదు.

"బ్యాగుల పట్టది మేడం. చిన్నగ ఏ త్రీల తీయుండ్రి."

"సగానికి సగం అయితది సార్. అంకెలు కనపడయి. రెండు షీట్లు చేసి ఇస్త."

"ఒక్కటే షీటు. గట్లయితేనే అప్రూవ్ చేస్త."

ఫిట్ టు పేజ్ అని ఒక బటన్ ఏడ్చింది కదా, ఎంత పెద్ద డ్రాయింగునైనా ఉన్న కాగితంలో కుక్కేస్తుంది. ఆయనే అది నొక్కి, ప్రింటు తీసి, సంతకం పెట్టి షెడ్డులోకి పంపాడు.

అనుకున్నంతా అయింది. షెడ్డు పెట్టినప్పటి నుంచీ పనిచేస్తున్న ఫిట్టర్ యాదగిరి, పైపు తగిలించే నాజిల్ కోసం ట్యాంకు అడుగు నుంచి 1350 మిల్లీమీటర్ల దగ్గర కోయాల్సిన రంధ్రాన్ని 1850 దగ్గర కోశాడు. మా సేటు అందరి ముందూ విరుచుకుపడ్డాడు.

"కండ్లు కనపడకపోతే ఇంట్ల కూసో. రేపటి సంది కొత్త ఫిట్టర్ వస్తడు."

యాదగిరి గ్లౌజులు విప్పి బెంచీ మీద పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. స్తంభానికి అతికించిన ఆ ఏ త్రీ కాగితం దగ్గరికి సేటును పిలిచాను.

"సేట్, ఆ నాజిల్ ఎక్కడుండాల్నో జెర మీరే చదువుండ్రి."

సేటు కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. "పద్దెనిమిది వందల యాభై," అన్నాడు.

ట్యాంకు చూడటానికొచ్చి పక్కనే ఉన్న మహేశ్ సార్ అందుకున్నాడు. "పదమూడు వందల యాభై అది. ఫోన్ల ఫైలు తెరిచి జూమ్ చేస్తె సాఫ్‌గ కనపడ్తది."

"గ్లౌజులేసుకున్నోడు కాగితాన్ని ఎట్ల జూమ్ చేస్తడు సార్?"

తప్పయిందనడం మా సేటు ఒంట్లో లేదు. ఆ కాగితం పీకి జేబులో పెట్టుకుని, "గ్లౌజులు ఏస్కో యాదగిరీ, పని ఆగింది," అని ఆఫీసులోకి పోయాడు.

డ్రాయింగును రెండు షీట్లు చేశాను. అంకెలు మూడున్నర మిల్లీమీటర్లకు పెంచాను. అప్పటి నుంచి ఏ ప్రింటునైనా స్తంభానికి అతికించి, ఫిట్టర్ నిలబడే చోట నిలబడి చదివాకే చేతికిస్తాను. అక్షరం సైజు అక్కడ తేలుతుంది, నా స్క్రీను ముందు కాదు. ఈ కేసు నాకు నేర్పింది అదే.

మహేశ్ సార్ మాత్రం ఏమీ నేర్చుకోలేదు. తర్వాతి ట్యాంకుకు మళ్లీ అదే మెయిల్: ఒకే షీటు కావాలి. నా జవాబును ఆనాటి అంకెలంత సైజులో ప్రింటు తీసి, మొదటి ట్యాంకు బిగించడానికి వాళ్ల ప్లాంటుకు పోతున్న యాదగిరి చేతికిచ్చాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"ఏం రాసిన్రు మేడం? ఒక్క అక్షరం కనపడ్తలేదు."

"యాదగిరి మీ ముందటనే ఉన్నడు గద సార్. ఆయనకు అలవాటే, చదివిపిచ్చుకోండ్రి."